డ్యూటీకీ నిద్రకీ నడుమ మూడు గంటలు

పాశమైలారంలో రోజంతా బస్తాలు మోసే హెల్పర్‌ని పట్టుకుని "కసరత్తు ఏమన్నా చేస్తున్నవా?" అని అడిగితే నవ్వేస్తాడు. "పొద్దంత చేసేది అదే కద సార్" అంటాడు. అదే కంపెనీలో క్వాలిటీ ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చుని శాంపిళ్లు చూసే కెమిస్టును అడిగితే "టైమ్ ఎక్కడుంది?" అంటాడు. ఒకరికి ఇప్పటికే చేసేస్తున్నానన్న ధీమా, ఇంకొకరికి ఎప్పటికీ చేయలేనన్న దిగులు. ఇద్దరి లెక్కా తప్పే. ఇద్దరికీ దారి మాత్రం ఉంది, పైగా అది పెద్ద ఖర్చుతో కూడిందేమీ కాదు.

రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో 1972లో వచ్చిన ఇక్రిశాట్, ఎద్దుమైలారంలో 1984 నాటి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, బొల్లారం నుంచి పాశమైలారం దాకా మందుల కంపెనీలు, సదాశివపేట దగ్గర టైర్లు, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు. ముంబయి హైవే పొడవునా ఇలా బతుకంతా షిఫ్టుల లెక్కన నడుస్తుంది. ఫస్ట్ షిఫ్టు ఆరింటికి మొదలైతే సెకండ్ షిఫ్టు రెండింటికి, నైట్ పదింటికి. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది, దాంతోపాటు నిద్ర, తిండి, స్నానం అన్నీ మారతాయి. మధ్యలో ఓటీ పడితే ఆ రోజు లెక్కే వేరు. తెల్లవారుజామున ఐదున్నరకు లేచి గంటసేపు పరుగెత్తండి అని చెప్పే పుస్తకం ఇక్కడ ఎందుకు పనికొస్తుంది? ఆ వేళకు నైట్ షిఫ్టు మనిషి ఇంకా మెషీన్ దగ్గరే ఉంటాడు.

ముందు హెల్పర్ ధీమా సంగతి చూడాలి. ఈ ప్రాంతంలో ఎక్కువమంది నమ్మేది అదే కాబట్టి.

1953లో జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన పరిశోధన లాన్సెట్ పత్రికలో అచ్చయింది. డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు సీటు కదలడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు దాదాపు 600 మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరి జీతభత్యాల్లో, ఇళ్లూ వాకిళ్లలో పెద్ద తేడా లేదు. గుండెజబ్బు మాత్రం కండక్టర్లలో బాగా తక్కువ కనిపించింది. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి పెద్ద అధ్యయనం ఇదే. మోరిస్ తాను కనిపెట్టినదాన్ని తానే పాటించి 99 ఏళ్లు బతికారు.

దీన్ని బట్టి ఒళ్లు వంచి చేసే పని ఏదైనా గుండెకు మంచిదేనని చాలాకాలం అనుకున్నారు. 2021లో డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం కోపెన్‌హేగన్‌లో లక్షా నాలుగు వేల మంది వివరాలను దాదాపు పదేళ్లపాటు గమనించి ప్రకటించిన ఫలితం ఆ నమ్మకాన్ని కదిలించింది. తీరిక వేళల్లో బాగా వ్యాయామం చేసేవాళ్లలో మరణాలు 40 శాతం తక్కువ. ఉద్యోగంలో మరీ బరువైన శ్రమ చేసేవాళ్లలో మాత్రం మరణాలు 27 శాతం ఎక్కువ, గుండెపోటు వంటివి 35 శాతం ఎక్కువ. సిగరెట్టు, చదువు, ఆదాయం వంటి తేడాలను సర్దుబాటు చేశాక కూడా లెక్క అలాగే నిలిచింది. అదే ఏడాది నార్వే నుంచి వచ్చిన మరో అధ్యయనం దీంతో ఏకీభవించలేదు కాబట్టి చర్చ ఇంకా ముగియలేదు. అయినా డెన్మార్క్ పరిశోధకులు చెప్పే కారణం పాశమైలారం గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తే ఇట్టే అర్థమవుతుంది.

కండక్టరు మెట్లెక్కుతాడు, ఆగుతాడు, టికెట్టు కొడతాడు, మళ్లీ ఎక్కుతాడు. గుండె వేగం పుంజుకుని, మళ్లీ నెమ్మదిస్తుంది. రియాక్టర్‌లోకి మెటీరియల్ చార్జింగ్ చేసే మనిషి పని అలాంటిది కాదు. బస్తా ఎత్తాలి, వంగాలి, పట్టి నిలబడాలి, మాస్కు లోంచి ఊపిరి తీసుకోవాలి. ఇదంతా ఎనిమిది గంటలు, ఓటీ ఉంటే పన్నెండు. గుండె ఉరికేంత గట్టిగా ఏ పనీ ఉండదు, తేరుకునేంత విరామమూ ఉండదు. రక్తపోటు గంటల తరబడి కాస్త ఎక్కువగానే నిలుస్తుంది. పని ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది కాబట్టి నడుమూ, కుడి భుజమూ అరిగిపోతాయి. వీపు పైభాగం, తొడల వెనక కండరాలు, పొట్ట చుట్టూ ఉన్న కండ మాత్రం బలహీనంగానే మిగులుతాయి. పని అలుపునిస్తుంది. కసరత్తు బలాన్నిస్తుంది, అదీ కొద్దిసేపు చేసి, తగినంత గట్టిగా చేసి, వారం వారం కాస్త పెంచి, ఆపైన ఒంటికి విశ్రాంతినిస్తేనే. ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఈ నాలుగు షరతుల చుట్టూనే తిరుగుతుంది.

ఎంత చేయాలి? 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గాని, 75 నిమిషాల తీవ్రమైన శ్రమ గాని కావాలి. దానికి తోడు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పే బరువు కసరత్తు వారానికి రెండు రోజులు ఉండాలి. మాట్లాడగలుగుతూ పాడలేనంతగా ఊపిరి ఆడితే అది ఓ మోస్తరు. నాలుగు మాటలకే ఆయాసం వస్తే తీవ్రం. బరువు కసరత్తుకు ఇరవయ్యేసి నిమిషాలు వేసుకున్నా మొత్తం వారానికి మూడు గంటల పైచిలుకు అవుతుంది. ఇదివరకు ఒక్కో విడత కనీసం పది నిమిషాలుంటేనే లెక్కలోకి వస్తుందనేవారు. 2020లో ఆ నిబంధన తీసేశారు. షిఫ్టు మనుషులకు ఇంతకన్నా మంచి వార్త లేదు. రెండు నిమిషాలు చేసినా అది లెక్కలోకి వస్తుంది.

రెండు నిమిషాల మాట ఉత్త ఓదార్పు కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2019లో కొందరు యువకులతో, యువతులతో 60 మెట్లు వేగంగా ఎక్కించారు. రోజుకు మూడుసార్లు, నడుమ ఒకటి నుంచి నాలుగు గంటల విరామం, వారానికి మూడు రోజులు. ఆరు వారాల్లో వాళ్ల గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెరిగింది. పెరిగింది కొద్దిగానే, కానీ వాళ్లు మెట్ల మీద గడిపిన సమయం రోజుకు నిమిషమో ఒకటిన్నర నిమిషమో. 2022లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన మరో పరిశోధన తమకు వ్యాయామం చేసే అలవాటు లేదని చెప్పిన పాతిక వేల మంది బ్రిటిష్ వాసులను చూసింది. రోజుకు మూడుసార్లు, ఒకటి రెండు నిమిషాలు ఆయాసం వచ్చేలా నడవడమో మెట్లెక్కడమో చేసినవాళ్లలో గుండెజబ్బు మరణాలు దాదాపు సగం తక్కువ. ఆ రెండు నిమిషాలే వాళ్లను కాపాడాయని ఈ అధ్యయనం రుజువు చేయదు. దిశ మాత్రం స్పష్టంగా చూపిస్తుంది.

బీరంగూడ, అమీన్‌పూర్, పటాన్‌చెరు అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు మెట్లు గుమ్మం ముందే ఉన్నాయి. డ్యూటీకి దిగేటప్పుడు లిఫ్టు వాడినా ఫరవాలేదు, మోకాళ్లకు అదే మేలు కూడా. ఎక్కేటప్పుడు మాత్రం మెట్లే వాడాలి, మూడంతస్తులైనా ఆగకుండా ఎక్కాలి. ప్లాంటు లోపల ఈ ప్రయోగం వద్దు. ప్రొడక్షన్ బ్లాకు మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా నడవాలన్నది ప్రాణాలు కాపాడే నియమం, దాన్ని ఏ కసరత్తు కోసమూ పక్కన పెట్టకూడదు. కంపెనీ బస్సు దిగాక ఇంటిదాకా షేర్ ఆటో ఎక్కేవాళ్లు ఒక స్టాపు ముందే దిగి చేతులు ఊపుకుంటూ చకచకా నడిస్తే పది నిమిషాలు గడుస్తాయి. రోజూ రెండు పూటలా అలా నడిస్తే ఆరు రోజుల్లో 120 నిమిషాలు. మిగతా ముప్ఫైకీ సెలవు రోజు ఉండనే ఉంది.

అయితే ఎక్కడ నడవాలన్నది ఈ ప్రాంతంలో చిన్న విషయం కాదు. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలోనూ హైదరాబాద్, నల్గొండలతో పాటు పటాన్‌చెరు ఉంది. ఆయాసం వచ్చేలా నడిచేటప్పుడు మనిషి మామూలుకన్నా ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. లారీలు బారులు తీరిన హైవే పక్కన పరుగెత్తడం ఏ రకంగానూ తెలివైన పని కాదు. సంగారెడ్డి వాళ్లకు మహబూబ్‌సాగర్ చెరువు కట్ట, అంబేడ్కర్ స్టేడియం ఉన్నాయి. పటాన్‌చెరులో మైత్రి మైదానం ఉంది. అవి దూరమనుకుంటే రోడ్డుకు రెండు మూడు వీధులు లోపలికి జరిగినా తేడా ఉంటుంది. పొగ వాసన ముక్కుకు తగిలిన రోజున గదిలోనే చేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ షిఫ్టుకు పోయేవాళ్లు పగలు పదింటి తరవాత ఎండలో నడక పెట్టుకోకూడదు.

గదిలో చేసుకోవాలంటే ఏం ఉంది? ఇస్నాపూర్‌లో ఒక్క గదికి నలుగురు చేరి ఉండే చోట డంబెల్స్ ఉండవు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మాత్రం ఏ గదిలో చూసినా ఉంటుంది. ఇంతకన్నా మంచి బరువు జిమ్‌లోనూ దొరకదని చెప్పొచ్చు. లీటరు నీళ్లు కిలో బరువు. పది లీటర్లు పోస్తే పది కిలోలు. మరో లీటరు చేరిస్తే పదకొండు. వారానికో లీటరు చొప్పున పెంచుకుంటూ పోతే బరువు క్రమంగా పెంచాలన్న షరతు, కసరత్తులో జనం ఎక్కువగా మరిచిపోయే షరతు, దానంతట అదే నెరవేరుతుంది. సగం నిండిన క్యానులో నీళ్లు అటూ ఇటూ కదులుతాయి, దాన్ని నిలబెట్టడానికి పొట్ట, నడుము కండరాలు మరింత కష్టపడతాయి. మూత గట్టిగా బిగించి, పాత టవల్ చుట్టుకుంటే చేతుల్లోంచి జారదు.

ఆ క్యానును రెండు చేతులతో గుండెలకు హత్తుకుని బస్కీలు తీయాలి. మడమలు నేలకు ఆని ఉండాలి, వీపు నిటారుగా ఉండాలి, తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగాలి. తరవాత అదే క్యానును నేల మీది నుంచి ఎత్తడం. ఇక్కడే చాలామంది నడుము వంచుతారు. అలా కాదు, క్యాను రెండు పాదాల మధ్య ఉండాలి, పిరుదులు వెనక్కి నెట్టాలి, మోకాళ్లు కొద్దిగా వంచాలి, వీపు పలకలా ఉంచి కాళ్లతో లేవాలి. ఇది సరిగ్గా వంటబట్టిందంటే ప్లాంటులో బస్తా ఎత్తే తీరు కూడా మారుతుంది, నడుంనొప్పితో సెలవు పెట్టే రోజులు తగ్గుతాయి. భుజాలకూ ఛాతీకీ దండీలు. నేల మీద రాకపోతే గోడకు చేతులానించి, కొన్నాళ్లకు మంచం పట్టె మీద, ఆపైన నేల మీద. వీపుకు అయిదు లీటర్ల ఖాళీ నూనె క్యాను సరిపోతుంది, దానికి పిడి కూడా ఉంటుంది. నీళ్లు నింపి, ఎడమ చేయి మంచం మీద ఆనించి వంగి, కుడి చేత్తో పక్కటెముకల దాకా లాగాలి. తరవాత చేయి మార్చాలి. చివర్లో ఒక చేత్తో ఆ నూనె క్యాను పట్టుకుని పక్కకు ఒరిగిపోకుండా వరండాలో నడవాలి, ఒక్కో చేత్తో నిమిషం.

ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు విడతలు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. పన్నెండోది కూడా హాయిగా వచ్చేసిందంటే నీళ్లు తక్కువైనట్టు లెక్క. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మొత్తం ఇరవై నిమిషాలకు మించదు. ఈ ప్రాంతానికి ఇందులో కొత్తదేమీ లేదు. దండ్, బైఠక్‌లతో హైదరాబాద్ తాలీంఖానాలు పహిల్వాన్లను తయారు చేశాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు జాతరల్లో కుస్తీ పోటీలు నేటికీ జరుగుతాయి.

ఒకే రోజు రెండూ చేయాల్సి వస్తే ముందు బరువులు, తరవాత నడక. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు వారానికి ఐదారు రోజులు బరువులూ పరుగూ సైక్లింగూ అన్నీ కలిపి చేయిస్తే కొన్ని వారాలకు బలం పెరగడం ఆగిపోయిందని గమనించారు. దాన్ని పట్టుకుని కార్డియో చేస్తే కండ కరుగుతుందని జిమ్‌లలో భయపెడుతుంటారు. వారానికి రెండుసార్లు క్యాను ఎత్తి, రోజూ ఇరవై నిమిషాలు నడిచే మనిషికి ఆ భయం అక్కర్లేదు.

ఇక షిఫ్టుల సంగతి. ఫస్ట్ షిఫ్టు వారంలో మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని పడుకుంటే సాయంత్రం దొరుకుతుంది, అప్పుడు బరువులు. సెకండ్ షిఫ్టు వారంలో ఉదయం ఎండ ముదరకముందు. నైట్ షిఫ్టు వారమే కష్టం. పొద్దున ఆరింటికి దిగి, వచ్చిన ఊపులో కసరత్తు చేసేద్దామనుకుంటారు కొందరు. రాత్రంతా మేలుకున్న ఒంటికి అప్పుడు కావాల్సింది నిద్రే. అలసిన వేళ ఎత్తిన బరువు నడుం పట్టేస్తుంది, గట్టి కసరత్తు తరవాత వెంటనే నిద్ర పట్టదు. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టి పడుకుని, సాయంత్రం లేచాక డ్యూటీకి ముందు పది, పదిహేను నిమిషాలు చేస్తే రాత్రంతా ఒళ్లు చురుగ్గా ఉంటుంది. నైట్ వారంలో బరువు పెంచకూడదు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు.

ల్యాబులోనూ ఆఫీసులోనూ కూర్చునేవాళ్లకు భోజన విరామమే ఆధారం. అయిదు గంటల పనికి కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. క్యాంటీన్‌లో ఇరవై నిమిషాలు పోయినా పది మిగులుతాయి. తిన్నాక రెండు నుంచి అయిదు నిమిషాలు మెల్లగా నడిచినా రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుందని 2022లో పలు అధ్యయనాలను కలిపి చూసినవారు తేల్చారు. షుగరు అంచున ఉన్నవాళ్లకు ఇది వరం. బీపీ ఉన్నవాళ్లకు గోడకుర్చీ మంచిది. 2023లో 270 ప్రయోగాలను పోల్చి చూసినప్పుడు రక్తపోటు తగ్గించడంలో కదలకుండా బిగించి ఉంచే కసరత్తులదే పైచేయి అని తేలింది. వాటిలోనూ ముందున్నది గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలవడం. రెండేసి నిమిషాలు నాలుగుసార్లు, నడుమ రెండేసి నిమిషాల విరామం, వారానికి మూడు రోజులు. చెమట పట్టదు, యూనిఫాం నలగదు. మొదట ముప్ఫై సెకన్లతో మొదలుపెట్టొచ్చు. డాక్టరు చెప్పేదాకా మాత్రలు మాత్రం ఆపకూడదు.

ఆడవాళ్ల రోజు ఇంకా ఇరుకు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం దేశంలో స్త్రీలు జీతం లేని ఇంటిపనికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు 88 నిమిషాలే వెచ్చిస్తున్నారు. ప్యాకింగ్ లైన్‌లో షిఫ్టు ముగించుకుని వచ్చిన ఆమెకు ఇరవై నిమిషాలు దొరకాలంటే ఇంట్లో ఇంకెవరో గిన్నెలు తోమాలి. ఇది వ్యాయామ సలహాలో భాగమే. బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతామన్న భయం పక్కన పెట్టొచ్చు. ఇరవై లీటర్ల క్యాను కండలు ఉబ్బించదు, ఎముకకు బలమిస్తుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచాకైనా ఆ భయం పోవాల్సింది. అసలు అడ్డు రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తం తక్కువని తేలింది. మెట్లెక్కితే విపరీతంగా దమ్ము వస్తుంటే దాన్ని బద్ధకమనుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి.

తిండి మాట ఒక్కటి చెప్పక తప్పదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 65 కిలోల పురుషుడికి కూర్చుని చేసే పనికి 2,110 కేలరీలు, బరువు పనికి 3,470. హెల్పర్‌గా చేరి పదేళ్లకు సూపర్‌వైజర్ అయినవాళ్లు ఈ ప్రాంతంలో ఎందరో. పని కుర్చీకి మారుతుంది, పళ్లెంలో అన్నం మాత్రం పాతలెక్కే. పొట్ట, షుగరు వచ్చేది అక్కడే. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పో గుడ్డో చేర్చాలి. ఆ బరువు మనిషికి రోజుకు 54 గ్రాముల మాంసకృత్తులు కావాలి, గుడ్డులో ఉండేది ఆరు. జొన్నరొట్టె, పప్పు, రెండు గుడ్లు, గ్లాసు పాలు, పెరుగు, పిడికెడు పల్లీలతో ఆ లెక్క పూర్తి చేయొచ్చు. పౌడరు డబ్బా కొనాల్సిన పని లేదు.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నవారు మొదలుపెట్టే ముందు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు రామచంద్రాపురం ఆసుపత్రి ఉంది. కసరత్తులో ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ అనుకుని టాబ్లెట్ వేసుకుని పడుకోకూడదు.

షట్‌డౌన్ పనుల వల్లో, ఊళ్లో పెళ్లి వల్లో, జ్వరం వల్లో రెండు వారాలు తప్పిపోవడం మామూలే. అప్పుడు పోయిందంతా ఒక్కరోజులో రాబట్టాలని చూడకూడదు. క్యానులోంచి మూడు నాలుగు లీటర్లు తీసేసి, ఒక్క విడతతో మొదలుపెడితే రెండు మూడు వారాల్లో పాత బరువుకు చేరుకోవచ్చు.